మర్యాద భాష ఎవరికి మర్యాద?
దిగువ కృష్ణా డెల్టాలో నాయకుల ఉపన్యాసాలు, దళిత శ్రోతలు

గత అయిదారేళ్లుగా పత్రికల్లో, టీవీ చర్చల్లో, బందరు గుడివాడల్లో రిటైరైన మాస్టార్ల కబుర్లలో ఒక మాట పదేపదే వినపడుతోంది. రాజకీయాల్లో భాష దిగజారిపోయిందట. పాతకాలం నాయకులు ఎంత హుందాగా మాట్లాడేవాళ్లో, ప్రత్యర్థిని సైతం 'గారు' అని ఎలా పిలిచేవాళ్లో చెప్పి నిట్టూరుస్తారు. ఈ దిగజారుడుకి ఉదాహరణగా ముందు చూపించేది గుడివాడనే. 2004 నుంచి 2024 దాకా అక్కడ ఎమ్మెల్యేగా వుండి, 2019-22 మధ్య మంత్రిగా చేసిన కొడాలి నాని ప్రత్యర్థుల మీద వాడిన భాష రాష్ట్రమంతా చర్చకు వచ్చింది. 2021 నవంబర్ 19న శాసనసభలో తన భార్యను కించపరిచారని చెప్పి, ఇది గౌరవ సభ కాదు కౌరవ సభ అని, మళ్లీ ముఖ్యమంత్రిగానే అడుగుపెడతానని చంద్రబాబునాయుడు బయటికొచ్చాక ఈ నిట్టూర్పు మరీ పెరిగింది.

ఇళ్లలో ఆడవాళ్లను రాజకీయాల్లోకి లాగి అవమానించడం తప్పే. అందులో రెండో మాట లేదు. చరిత్ర విద్యార్థిగా నా పేచీ 'దిగజారిపోయింది' అనే క్రియాపదంతో. దిగజారాలంటే ముందు ఎక్కడో ఎత్తున వుండాలి గదా. ఆ ఎత్తు ఎవరికి కనపడిన ఎత్తు? దివిసీమ మాలపల్లెలోనో మాదిగ గూడెంలోనో పుట్టినవాడికి 'ఏరా', 'ఒసే', అమ్మను కలిపిన తిట్టు 2019లో కొత్తగా పుట్టలేదు. పొలం గట్టు మీద, కళ్లంలో, కాలవ లాకు దగ్గర, పెద్దమనుషుల అరుగు ముందు తాతముత్తాతల నుంచి విన్నదే. కొత్తగా జరిగిందల్లా ఒకటే. ఇన్నాళ్లూ కిందివాడి మీద వాడిన నోరు ఇప్పుడు సాటి ఆసామి మీద, అదీ కెమెరా ముందు వాడుతున్నారు. అందుకే ఇంత గగ్గోలు. కిందివాడి మీద వాడినన్నాళ్లూ దాన్ని రాజకీయ భాష అని ఎవరూ అనలేదు. వ్యవసాయం అన్నారు.

ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్నది చిన్న పని. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతంలో వందేళ్లుగా నాయకులు మాట్లాడిన తీరునీ నడుచుకున్న తీరునీ వేదిక మీంచి కాకుండా కింద నుంచి, జనం వెనక నిలబడ్డ చోటు నుంచి చూడడం. మన చరిత్రకారులు నాయకుడు ఏమన్నాడో రాస్తారు. అతను 'మనం' అన్నప్పుడు ఆ మాట లోపల ఎవరున్నారు, బయట ఎవరు మిగిలారు అన్నది రాయరు. నాకు ఉపమానాల కంటే సర్వనామాలే ముఖ్యం.

బందరుతో మొదలెట్టాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆంధ్ర జాతీయతకు పుట్టిల్లు లాంటిది ఆ వూరు. కృష్ణాపత్రిక 1902లో అక్కడే మొదలైంది. 1907 నుంచి 1945లో చనిపోయేదాకా ముట్నూరి కృష్ణారావు దాన్ని నడిపారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పట్టాభి 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిందీ ఆ వూళ్లోనే. జెండా తయారుచేసిన పింగళి వెంకయ్యది బందరుకు దగ్గర్లోని భట్లపెనుమర్రు. పత్రిక, బడి, బ్యాంకు, జెండా. ఒక జాతి తయారు కావడానికి కావల్సిన సరంజామా అంతా అక్కడ వుంది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగేనాటికి 'ఆంధ్రులు' అనే బహువచనం ఉపన్యాసాల్లో స్థిరపడిపోయింది.

ఆ బహువచనం మీద మొదటి దెబ్బ నాలుగేళ్లకే పడింది. 1917 నవంబర్‌లో బెజవాడలో పంచముల సభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. గుడివాడ ప్రాంతంలో పనిచేసిన గూడూరు రామచంద్రరావు లాంటి సంస్కర్తలు దానికి తోడ్పడ్డారు. పంచములు అనే పేరు మాకొద్దు, మేం ఈ నేలకు మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అని ఆ సభ చెప్పింది. 'ఆంధ్రులందరం ఒకటే' అని అరిచి చెబుతున్నవాళ్లతో ఆ రెండక్షరాల 'ఆది' ఏమన్నదో ఆలోచించండి. మీ జాతిలో మమ్మల్ని చేర్చుకోమని అడగలేదు. మీకంటే ముందు మేమున్నాం అన్నది. 1920ల మొదట్లో మద్రాసు ప్రభుత్వం తన కాగితాల్లో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను ఒప్పుకుంది. బందరు పెద్దలు అస్పృశ్యత గురించి రాయలేదని కాదు. రాశారు, కొందరు నిజాయితీగానే రాశారు. అయితే ఆ రాతల్లో అంటరానితనం ఒక జబ్బు, రాసేవాడు వైద్యుడు, మనం మంచం. పేరు పెట్టుకునే హక్కు మంచానికి వుంటుందని వాళ్లకు తోచలేదు.

పదిహేనేళ్లు తిరక్కుండా పేరు మళ్లీ మారింది. ఈసారి మార్చింది మనం కాదు. 1932 పూనా ఒడంబడిక తర్వాత గాంధీ 'హరిజన' అన్నారు. 1933 ఫిబ్రవరిలో ఆ పేరుతోనే పత్రిక పెట్టారు. ఆ ఏడాది నవంబర్ నుంచి దేశమంతా హరిజన యాత్ర చేశారు. డిసెంబర్‌లో ఆంధ్ర జిల్లాలకూ వచ్చారు. సభల్లో ఆడవాళ్లు గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు. సంతకానికి అయిదు రూపాయలు తీసుకున్నారు. దేశం మొత్తం మీద దాదాపు 8 లక్షల రూపాయలు పోగయ్యాయి. ఆ కాలానికి అది పెద్ద మొత్తమే, దాంతో బడులూ హాస్టళ్లూ నడిచిన మాటా నిజమే. కానీ ఆ జోలెను గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పని వుంది. ప్రత్యేక నియోజకవర్గాలు అనే రాజకీయ హక్కు అడిగిన మనిషి చేతికి సంక్షేమ నిధి వచ్చింది. అడిగింది ఒకటి, పెట్టింది ఒకటి.

గాంధీ మాట ఒకటి మన బడుల్లో ఇప్పటికీ చెబుతారు. మళ్లీ జన్మంటూ వుంటే అంటరానివాడిగా పుట్టాలని వుందని ఆయన 1921లో అహ్మదాబాద్ సభలో అన్నారు. దాదాపు 95 ఏళ్ల తర్వాత, 2016 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఎస్సీల్లో పుట్టాలని ఎవరు మాత్రం కోరుకుంటారు అన్న అర్థంలో మాట్లాడితే పెద్ద దుమారం లేచింది. మొదటిది మహాత్ముడి కరుణ అని, రెండోది నోరు జారడం అని లెక్క వేశారు. నాకు ఈ రెండు వాక్యాల మధ్య కనిపించేది తేడా కంటే చుట్టరికమే. ఒకరు ఆ పుట్టుక కావాలన్నారు, ఒకరు ఎవరికీ అక్కర్లేదన్నారు. రెండు చోట్లా మన పుట్టుక వేరేవాడి మనసు కొలవడానికి గజంబద్ద అయింది. పుట్టినవాళ్లం ఎదురుగా కూర్చునే వున్నాం. మమ్మల్ని అడిగితే పుట్టుకతో పేచీ లేదు, చెరువు నీళ్లతో, సెంటు భూమితో, కూలి రేటుతో పేచీ అని చెప్పేవాళ్లం.

పూనా ఒడంబడిక మద్రాసు శాసనసభలో మనకు 30 రిజర్వుడు సీట్లు ఇచ్చింది. ఉమ్మడి ఓటు. 1937లో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది, రాజాజీ ప్రధాని. 1938లో ఎం.సి. రాజా దేవాలయ ప్రవేశ బిల్లు తెస్తే రాజాజీ మంత్రివర్గం దాన్ని ముందుకు పోనివ్వలేదు. వేదిక మీద గుడి తలుపులు తెరవమన్న పార్టీ సభలో బిల్లు తలుపు మూసింది. రిజర్వుడు సీట్లలో గెలిచిన మనవాళ్లు పార్టీ మాట దాటలేకపోయారు. వాళ్లను తిట్టి లాభం లేదు. ఓట్లు ఎవరివి, టికెట్ ఎవరిది అన్నది ఒడంబడికలోనే తేలిపోయింది. ఆ మరుసటేడు 1939లో పట్టాభి కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ బోస్ మీద పోటీచేసి 1377 ఓట్లతో ఓడిపోయారు, బోస్‌కు 1580 వచ్చాయి. పట్టాభి ఓటమి నా ఓటమి అని గాంధీ అన్నమాట బందరులో చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. 1938 బిల్లు సంగతి ఎంతమందికి తెలుసో మీ వూళ్లో అడిగి చూడండి. ఏ ఓటమి నాయకుడి సొంత ఓటమి అవుతుందో, ఏది కాదో తేల్చడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

కమ్యూనిస్టుల గురించి ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను, అది వేరే పెద్ద వ్యాసం. దివిసీమలో చల్లపల్లి జమీందారీ భూముల మీద పోరాటం నడిపింది వాళ్లు. వ్యవసాయ కూలీ సంఘం పెట్టి కూలి పెంచమని అడగడం నేర్పింది వాళ్లు. పల్లెలో కూర్చుని అన్నం తిన్న మొదటి పైకులపు నాయకులూ వాళ్లే. పార్టీ నిషేధంలో వున్న రోజుల్లో కాటూరు, యలమర్రు గ్రామాల్లో మలబారు పోలీసులు జనాన్ని బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. హుందాతనం గురించి మాట్లాడేవాళ్లు ఈ రెండూళ్ల పేర్లు మరిచిపోకూడదు. అధికారంలో వున్న పార్టీ అప్పుడు అహింస మీద ఉపన్యాసాలిస్తోంది. అయితే కమ్యూనిస్టుల వేదిక మీద కూడా మనకు 'కూలీ' అన్న పేరే వుంది. మాల, మాదిగ అన్న పేరు వేదిక దిగాకే వినపడేది. నాయకత్వం ఎక్కువగా భూమి వున్న కమ్మ కుటుంబాల నుంచి వచ్చిందని అమెరికా పరిశోధకుడు సెలిగ్ హారిసన్ 1956లోనే రాశాడు. 1955 ఎన్నికల్లో పార్టీ 15 సీట్లకు పడిపోయాక ఆ భూమి, ఆ కులం మెల్లగా వేరే దారి వెతుక్కున్నాయి. పల్లెలో మాత్రం ఎర్రజెండా చాలాకాలం నిలబడింది. నిడుమోలు రిజర్వుడు సీటులో సిపిఎం అభ్యర్థి పాటూరు రామయ్య ఒకటికి రెండుసార్లు గెలవడం దానికి గుర్తు.

ఇక ఉప్పెన. 1977 నవంబర్ 19, శనివారం. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోగా మధ్యలో మిగిలిన నేల దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, ఆ కింద సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప. ఆ సాయంత్రం సముద్రం దాదాపు మూడు నిలువుల ఎత్తున లేచి మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేలమంది పోయారు. లెక్కకు అందనివాళ్లు వేలల్లో వున్నారని అప్పటినుంచీ అంటూనే వున్నారు. పశువులు రెండు లక్షలకు పైగా. ఈ తీరానికి ఇది మొదటిసారి కాదు. 1864 నవంబర్ 1న వచ్చిన ఉప్పెనలో బందరు చుట్టూ 30 వేలమంది చనిపోయారు. నూట పదమూడేళ్ల తర్వాత కూడా కబురు ముందుగా చేరాల్సిన చోటికి చేరలేదు. రేడియో వున్న ఇల్లు వేరు, సముద్రం ముందు తగిలే ఇల్లు వేరు.

ఆ రోజుల్లో నాయకులందరూ వాడిన మాట ఒకటే, ప్రకృతి వైపరీత్యం. దానికి తోడు విధి, దైవలీల. ఈ మాటలు ఏం చేస్తాయంటే చావుకి కర్త లేకుండా చేస్తాయి. నీటికి కులం లేదు, ఒప్పుకుంటాను. నేలకు మాత్రం వుంది. డెల్టాలో ఏ వూరన్నా తీసుకోండి. మెరక మీద వూరు, పల్లంలో పల్లె. మెరక మీద మేడలు, పెంకుటిళ్లు. పల్లంలో, మురుగు కాలవ గట్టున, పోరంబోకులో తాటాకు గుడిసెలు. జాలరిపేటలు, యానాది గుడిసెలు ఇంకా కింద, సముద్రానికి ఎదురుగా. మేడ ఎక్కినవాడు బతికాడు, గుడిసెలో వున్నవాడు తాటిచెట్టో తుమ్మచెట్టో దొరికితే బతికాడు. ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకోవాలో సముద్రం నిర్ణయించలేదు. వూరు నిర్ణయించింది.

లెక్క సంగతి కూడా అంతే. చచ్చినవాడు చచ్చినట్టు తేలాలంటే బతికున్నప్పుడు కాగితంలో వుండాలి. నవంబర్ అంటే డెల్టాలో కోతలు మొదలయ్యే కాలం. పొట్ట చేతపట్టుకుని మెట్ట ప్రాంతాల నుంచి కూలికి వచ్చేవాళ్లకు ఈ వూరి ఓటర్ల జాబితాలో పేరుండదు, ఇక్కడి రేషన్ కార్డుండదు. కుటుంబం కుటుంబమే కొట్టుకుపోతే వచ్చి చెప్పేవాడుండడు. పంట నష్టం అన్నప్పుడు ఆ డబ్బు ఎవరి పేరున పట్టా వుందో వాళ్లది. నోటి మాట మీద కౌలు చేసేవాడిది కాదు. కోత కూలి, కుప్ప కూలి, నూర్పిడి కూలి ఒక్క పూటలో పోగొట్టుకున్న మనిషికి పోయిందేమిటో రాసుకోవడానికి ఆ ఫారంలో గడే లేదు. నేను మాట్లాడిన ముసలివాళ్లు నష్టపరిహారం అనే మాట వాడరు. 'గవర్మెంటోళ్లు పెట్టింది' అంటారు. నష్టం అన్నమాట మనకు వర్తించలేదని భాషలోనే తెలిసిపోతుంది.

శవాలు, కళేబరాలు ఎత్తిన పని గురించి ఒక మాట. అవనిగడ్డకు ప్రాతినిధ్యం వహించిన మండలి వెంకట కృష్ణారావు అప్పుడు మంత్రి. ఆయన జనం మధ్యనే వుండి పనిచేశారని దివిసీమలో అన్ని కులాలవాళ్లూ చెబుతారు, దాన్ని కాదనాల్సిన పని లేదు. స్వచ్ఛంద సంస్థలు, క్రైస్తవ మిషన్లు, రామకృష్ణ మిషన్, ఆర్ఎస్ఎస్ వాళ్లు వచ్చారు. ఇళ్లు కట్టారు, తుపాను షెల్టర్లు లేచాయి. ఎవరి వాళ్ల పుస్తకాల్లో వాళ్ల సేవ వుంది. కానీ చచ్చిన గొడ్డును ఈడ్చడం మాదిగలకు వెట్టిగా రాసిపెట్టిన నేల ఇది. రెండు లక్షల గొడ్లు చచ్చినప్పుడు ముందు ఎవరి గూడేనికి కబురు వెళ్తుందో డెల్టాలో పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా. ఆ పనికి సన్మాన పత్రం వుండదు. నాయకుడు మూటెత్తితే ఫోటో, మాదిగ ఎత్తితే డ్యూటీ.

అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. మూడు నెలలకు, 1978 ఫిబ్రవరిలో ఎన్నికలు వచ్చాయి. ఆయన వున్న కాంగ్రెస్ ముక్క కొట్టుకుపోయింది. ఇందిరా కాంగ్రెస్ 175 సీట్లతో గెలిచింది. ఆ ముందు ఆగస్టులోనే ఇందిరాగాంధీ బీహార్‌లో బెల్చికి ఏనుగెక్కి వెళ్లారు. పదకొండు మందిని చంపి తగలబెట్టిన వూరది, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది దళితులు. ఆ ఏనుగు ప్రయాణం ఆమెను మళ్లీ గద్దెకు చేర్చిందని రాజకీయ పండితులు రాస్తారు. బెల్చి వాళ్లు ఎక్కడికి చేరారన్నది ఆ పండితుల రాతల్లో దొరకదు.

దివిసీమకు ఏనుగు రాలేదు, సినిమా వాళ్లు వచ్చారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు తదితరులు వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. ఇద్దరూ గుడివాడ చుట్టుపక్కల వూళ్లలో పుట్టినవాళ్లే. రామారావుది నిమ్మకూరు. ఆయనకు జోలె కొత్తకాదు, 1952లో రాయలసీమ కరువుకు కూడా తిరిగారు. తెరమీద రాముడు, కృష్ణుడు అయిన మనిషి చేయి చాపితే జనం కన్నీళ్లు పెట్టుకుని ఇచ్చారు. ఇచ్చినవాళ్లలో రిక్షావాళ్లు, కూలోళ్లు కూడా వున్నారు. ఈ దృశ్యాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. ఆ బియ్యం, ఆ బట్ట చాలామందిని బతికించింది. నేననేది వేరే. 1933లో జోలె పట్టింది మహాత్ముడు, 1977లో పట్టింది దేవుడి వేషం కట్టినవాడు. రెండుసార్లూ జోలె ఎవరి పేరు మీద పట్టారో వాళ్లకు మైకు రాలేదు. అడగాల్సినవాడి తరఫున ఇంకొకడు అడిగితే అది హక్కు కాకుండా పోతుంది, పుణ్యం అవుతుంది. పుణ్యానికి అప్పీలు లేదు.

1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. ఆ ఫిబ్రవరిలోనే బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యను రాజీవ్‌గాంధీ అవమానించిన సంఘటన జరిగింది. తెలుగువారి ఆత్మగౌరవం అనే నినాదానికి అది అందివచ్చింది. ఖాకీ బట్టలు, పాత షెవర్లే వ్యాను మీద కట్టిన చైతన్య రథం, రోడ్డు పక్క స్నానం, అక్కడే తిండి. 1983 జనవరిలో గుడివాడ నుంచి, తిరుపతి నుంచి గెలిచారు. ఆయన ఉపన్యాసం గురించి చాలామంది రాశారు, పౌరాణిక నాటకం ఫక్కీ అని, గ్రాంథికం అని. నాకు కావల్సింది సంబోధన. ప్రజలే దేవుళ్లు, సమాజమే దేవాలయం. ఆడపడుచులు, అన్నదమ్ములు. ఆయన 'అన్నగారు'. ఇది కుటుంబ భాష. కుటుంబ భాషలో అందరూ చేరిపోతారనిపిస్తుంది. పల్లెలో మనవాళ్లు కూడా చేరామనుకున్నారు, ఓట్లేశారు. కానీ సమాజం దేవాలయం అయితే గుడి బయట నిలబెట్టినవాడు ఎక్కడ నిలబడాలి? ఆ ప్రశ్న అప్పుడు అడగలేదు. ఆడపడుచులకు ఆస్తిలో హక్కు ఇస్తూ 1986లో చట్టం తెచ్చారు. గొప్ప చట్టమే. ఆస్తి లేని ఇంట్లో ఆడపడుచుకు ఆ హక్కు ఎందులో వచ్చింది?

రెండు రూపాయల కిలో బియ్యం సంగతి దాటేయకూడదు. మా నాన్నమ్మ రామారావు పేరు చెప్పినప్పుడు రాముడి వేషం చెప్పేది కాదు, ఆ బియ్యం చెప్పేది. ఆసామి ఇంట్లో తవ్వెడు బియ్యం అప్పు కోసం నిలబడే అవసరం కొంత తగ్గింది. కొంతే అయినా తగ్గింది. ఆసామికి కోపం తెప్పించింది కూడా ఆ కొంతే. అప్పు అడగనివాడు గట్టుమీద తల దించడు. ఆత్మగౌరవం అన్నమాటను మనవాళ్లు నినాదంగా కాక తిండిగింజల రూపంలో అర్థం చేసుకున్నారు. నాయకుడు ఢిల్లీ వైపు చూపించి అన్నమాటను వీళ్లు వూరివైపు తిప్పి చూశారు.

తిప్పి చూస్తే ఏమవుతుందో 1985 జులై 17న కారంచేడులో తేలింది. మంచినీళ్ల చెరువులో గొడ్ల కుడితి బకెట్లు కడగొద్దని అడ్డం చెప్పినందుకు, బిందె పైకెత్తినందుకు మాదిగపల్లె మీద కమ్మ ఆసాములు దండుగా వచ్చి పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. ఆ మార్చిలోనే రామారావు గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడుచోట్లా గెలిచి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. కారంచేడు ఆయన వియ్యాలవారి వూరు. తెలుగువారి ఆత్మగౌరవం అన్నమాటలో 'తెలుగువారు' అంటే ఎవరో అంతవరకు అనుమానం వున్నవాళ్లకు ఆ రోజుతో తీరిపోయింది. ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా అంది, ఇళ్లు అంది. చీరాలలో శిబిరం వేసుకున్న బాధితులు వూరికి తిరిగి వెళ్లం అన్నారు. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి వచ్చారు. ఆ సెప్టెంబర్‌లో దళిత మహాసభ ఏర్పడింది. కత్తి పద్మారావు ఉపన్యాసాలు డెల్టా పల్లెల్లో మారుమోగాయి. మైకు మొదటిసారి మన చేతికొచ్చింది. 'హరిజన' పోయి 'దళిత' వచ్చింది. ఈసారి పేరు మనమే పెట్టుకున్నాం, 1917లో పెట్టుకున్నట్టు.

అప్పుడూ పత్రికల భాష గమనించాలి. ముందు 'ఘర్షణ' అన్నారు. ఘర్షణ అంటే ఇద్దరు కావాలి. కాంగ్రెస్ నాయకులు ప్రతిపక్షంలో వుండి కన్నీళ్లు కార్చారు. ఆరేళ్లకు 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపేనాటికి రాష్ట్రంలో ప్రభుత్వం కాంగ్రెస్‌ది, ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి. కన్నీళ్లు కార్చే పని అప్పుడు తెలుగుదేశానికి పడింది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. సభలు మారాయి, కుర్చీలు మారాయి, సానుభూతి తీర్మానం భాష మారలేదు. ఆ శవాల కోసం ఏ సభనూ ఎవరూ కౌరవ సభ అనలేదు. ఏ నాయకుడూ మళ్లీ అడుగుపెట్టనని శపథం చేసి లేచిపోలేదు.

ఇప్పటి సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి వేగంగా చెబుతాను. 2019 తర్వాత జగన్‌మోహన్‌రెడ్డి ప్రతి సభలో 'నా ఎస్సీలు, నా ఎస్టీలు, నా బీసీలు, నా మైనారిటీలు' అన్నారు. కొందరు మిత్రులకు ఆ 'నా' లో ప్రేమ వినపడింది. ఖాతాల్లో డబ్బు పడింది, కాదనను. 2024 జనవరి 19న బెజవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబడింది, అదీ చిన్న విషయం కాదు. కానీ 'నా' అనే మాట డెల్టా చెవికి పాతది. నా పాలేరు, నా జీతగాడు, నా పల్లె. మా పెద్దవాళ్లు ఆ 'నా' నుంచి బయటపడడానికే బెజవాడ మిల్లులకు, రైల్వే పనులకు పారిపోయారు. ఆయన 'నా రెడ్లు' అని ఏ సభలోనూ అనలేదు. అనాల్సిన పని లేదు.

బందరు ఓడరేవు ఇంకో కథ. 2008లో రాజశేఖరరెడ్డి శంకుస్థాపన, 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు పనుల ప్రారంభం, 2023 మేలో జగన్ మళ్లీ శంకుస్థాపన. మూడుసార్లూ 'బందరుకు పూర్వవైభవం' అన్నారు. ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో కొట్టు పెట్టినప్పటి వైభవం అది. ఆ రేవులో మోత మోసినవాళ్ల వీపు మీద ఆ వైభవం ఎలా వుండిందో చెప్పే శిలాఫలకం మూడింట్లో ఒకటీ లేదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టారు. బెజవాడ కేంద్రంగా ఎన్టీఆర్ పేరుతో జిల్లా వచ్చింది. ఒక్క చోట కూడా టైరు కాలలేదు. మరుసటి నెల కోనసీమ జిల్లా పేరు ముందు అంబేద్కర్ పేరు చేర్చబోతే, మే 24న అమలాపురంలో మంత్రి పినిపె విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు. ఆయన దళితుడు. కోనసీమలో అన్నంపెట్టే గోదావరి అదే, కొబ్బరితోటలు అవే, ఒక పేరు వచ్చేసరికి 'ప్రశాంత సీమ' అనే నాయకుల మాట గంటలో కాలిపోయింది.

రామారావు పుట్టిన నిమ్మకూరు మాత్రం ఎన్టీఆర్ జిల్లాలో లేదు, బందరు కేంద్రంగా మిగిలిన కృష్ణా జిల్లాలోనే వుంది. అది పామర్రు నియోజకవర్గం. నియోజకవర్గాల పునర్విభజనతో 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు. తెలుగుదేశం పుట్టించిన మనిషి సొంతూరున్న సీటులో 2009లో కాంగ్రెస్, 2014లో, 2019లో వైఎస్ఆర్ కాంగ్రెస్ గెలిచాయి. తెలుగుదేశం మొదటిసారి గెలిచింది 2024లో. గెలిచినవాళ్లు ఏ పార్టీ అయినా మనవాళ్లే. ఆ అభ్యర్థిత్వం ఎవరి మేడ మీద ఖరారవుతుంది, ప్రచారం జీపులో అభ్యర్థి ఎక్కడ కూర్చుంటాడు, వూళ్లోకి రాగానే ముందు ఎవరింటి అరుగు దగ్గర దిగుతాడు, పల్లెకు ఏ పూట వస్తాడు, మైకు ముందు ఎవరు తీసుకుంటారు – ఇవి ఏ గెజిట్‌లోనూ వుండవు. పామర్రు, గుడివాడ, బందరు కాలేజీల్లో చదువుకునే మన పిల్లలు వచ్చే ఎన్నికలప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకుని ఆ జీపుల వెనక నడవాలి. ఎవరు ఎవర్ని 'గారు' అన్నారో, ఎవర్ని పేరు పెట్టి పిలిచారో, ఎవర్ని పేరు కూడా లేకుండా పిలిచారో తేదీ వేసి రాసుకోవాలి.